వంద కోట్ల ఏడా, 998244353నా: ఏది మేలు?

కోడింగ్ కాంటెస్టులు రాసేవాళ్లకి కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది: జవాబు చాలా పెద్దది కావచ్చు, 1000000007తో భాగించి శేషం చెప్పండి. కొన్నేళ్లుగా ఆ చోట 998244353 కూడా తరచుగా కనిపిస్తోంది, జపాన్ వాళ్ల ఆట్‌కోడర్‌లో అయితే మరీను. ప్రశ్నలోనే ఇచ్చేస్తే గొడవే లేదు. ప్రశ్న మనమే తయారుచేస్తుంటే ఏది తీసుకోవాలి?

పైపైన చూస్తే రెండూ ఒకటే. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి సున్నా కాని ఏ శేషంతోనైనా భాగించుకోవచ్చు. 1/2 అంటే మొదటిదాంట్లో 500000004, రెండోదాంట్లో 499122177, ఎందుకంటే వీటిని రెట్టింపు చేసి భాగిస్తే శేషం 1 వస్తుంది. (శాంపిల్‌లో ఈ అంకెలు కనిపిస్తే చాలు, జవాబు సగమని ఇట్టే తెలిసిపోతుంది.) గుర్తుపెట్టుకోవడానికి మాత్రం వంద కోట్ల ఏడుకి సాటి లేదు. పది అంకెల ప్రధాన సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నది.

ఒకటి తీసేసి చూడండి, అసలు తేడా అప్పుడు బయటపడుతుంది. 1000000006ని సగం చేస్తే 500000003. అది మళ్లీ ప్రధాన సంఖ్యే, కథ అక్కడితో సరి. 998244352ని సగం చేస్తే 499122176, ఇంకో సగం 249561088, ఆపైన 124780544... ఇలా 23 సార్లు చేశాక గానీ బేసి సంఖ్య రాదు. చివరికి మిగిలేది 119.

దీంతో పనేంటంటే, లక్షేసి పదాలున్న రెండు బహుపదుల్ని మామూలుగా గుణిస్తే వెయ్యి కోట్ల గుణకారాలు. ఎన్‌టీటీ (నంబర్ థియరెటిక్ ట్రాన్స్‌ఫామ్, శేషాలతోనే చేసే వేగవంతమైన గుణకార పద్ధతి) పనిని సగానికి సగం కోసుకుంటూ పోయి క్షణంలో తేల్చేస్తుంది. ఒకటి తీసేసిన సంఖ్య ఎన్నిసార్లు సగమవుతుందో అన్నిసార్లే అలా కోయగలం. ఈ లెక్కకి 18 సార్లు సగం కావాలి, 998244353 దగ్గర 23 ఉన్నాయి. వంద కోట్ల ఏడుతో అదే పని చేయాలంటే 998244353, 167772161, 469762049 మూడింటితో విడివిడిగా గుణించి, వేర్వేరు శేషాల నుంచి అసలు సంఖ్యని రాబట్టే చైనీస్ రిమైండర్ థీరంతో అతికించాలి. ఆ కోడ్ నేనెప్పుడూ కాపీ కొట్టడమే తప్ప సొంతంగా రాసింది లేదు.

అందుకే నా ఓటు 998244353కే. ఎన్‌టీటీ అక్కర్లేని ప్రశ్నకైనా అదే పెట్టండి. అవసరమైనప్పుడు మాత్రమే పెడితే ఆ సంఖ్యే హింట్ అయి కూర్చుంటుంది.

వీటి పక్కనే 1000000009 అని ఇంకోటుంది. 1000000007, 998244353, ఇది, ఈ మూడింట్లో 5కి వర్గమూలం దీనికే ఉంది, అందుకే √5 ఉండే ఫిబొనాచీ సూత్రం నేరుగా వాడుకోవచ్చు. అంతకుమించి దానితో పనిపడదు.

స్ట్రింగ్ హాషింగ్‌కి, అంటే అక్షరాల వరుసల్ని (స్ట్రింగుల్ని) త్వరగా పోల్చడానికి ఒక్కోదాన్ని ఒక సంఖ్యగా మార్చడానికి, మాత్రం వీటిలో ఏదీ ఒంటరిగా చాలదు. దాదాపు 37 వేల స్ట్రింగులకే ఏదో ఒక జత ఢీకొనే (వేర్వేరు స్ట్రింగులకి ఒకే సంఖ్య వచ్చే) అవకాశం సగానికి సగం. అక్కడ 2⁶¹−1 మేలు. అదీ ప్రధాన సంఖ్యే, పైగా భాగహారం లేకుండా బిట్లు జరిపి కూడితే శేషం వచ్చేస్తుంది. గుణకారానికి 128 బిట్లు కావాలి, బేస్‌ని (ఏ సంఖ్య ఘాతాలతో అక్షరాల్ని గుణిస్తామో దాన్ని) రాండమ్‌గా తీసుకోవాలి, అంతే.

ఒకసారి 998244353 ప్రశ్నకి టెంప్లేట్‌లో (ముందే రాసిపెట్టుకున్న కోడ్‌లో) ఉన్న 1000000007ని మార్చడం మర్చిపోయాను. శాంపిళ్లు మూడూ పాసయ్యాయి, జవాబులు వెయ్యి కూడా దాటలేదు మరి. సబ్మిట్ చేస్తే రాంగ్ ఆన్సర్. అరగంట సేపు డీపీలో (డైనమిక్ ప్రోగ్రామింగ్ లెక్కలో) తప్పు వెతికాను. ఇప్పుడు టెంప్లేట్‌లో ఆ లైన్ ఖాళీగా వదిలేస్తున్నాను, నింపకపోతే కంపైల్ కాదు.