‘ద వాల్’ ఇమ్మర్షన్ సంచిక: డెమోల కోసం కొనవలసిన పెట్టె

ఇంగ్లండుకు చెందిన రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ‘ద వాల్’ను నేను మొదట విన్నది జగదాంబ కూడలిలో కొన్న క్యాసెట్ మీద. 1979 నవంబరు 30న రెండు ఎల్పీలుగా వెలువడిన ఆ ఆల్బమ్ పింక్ అనే గాయకుడి కథను మొదటి నుంచి చివరి దాకా పాటలతోనే చెబుతుంది. యుద్ధంలో పోయిన తండ్రి, ఊపిరి సలపనివ్వని తల్లి, బడిలో పడిన అవమానాలు ఒక్కొక్కటే ఇటుకలై అతని చుట్టూ గోడగా లేస్తాయి. ఆదిభట్ల నారాయణదాసు హరికథకు పీఠం వేసిన విజయనగరం మన విశాఖకు పొరుగునే ఉంది కనుక, ఒక కథను గంటల తరబడి పాటగా నడిపించడం మనకు కొత్త కాదు. ఇంగ్లీషు సగమే అర్థమైన ఆ వయసులోనూ నేను ఆ కథను వదలలేకపోవడానికి అదే కారణం కావచ్చు.

2012లో ఆ ఆల్బమ్‌నే అదనపు రికార్డింగులతో కలిపి ‘ఇమ్మర్షన్’ పేరిట మళ్లీ తెచ్చిన పెట్టెలో ఆరు సీడీలు, ఒక డీవీడీ ఉన్నాయి. మొదటి రెండింటిలో సౌండ్ ఇంజినీరు జేమ్స్ గత్రీ రీమాస్టర్ చేసిన, అంటే ధ్వనిని కొత్తగా సరిదిద్దిన అసలు ఆల్బమ్, తరువాతి రెండింటిలో 1980, 81లలో లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో జరిగిన కచేరీలు ఉన్నాయి. ఎల్పీలో చోటు చాలక తీసేసిన ‘వాట్ షల్ వి డు నౌ?’ కచేరీలో పూర్తిగా వినిపిస్తుంది. గోళీలు, కండువా వంటివి కూడా పెట్టారు. వాటి వల్ల ధర పెరిగిందే తప్ప పాటకు ఒరిగిందేమీ లేదు.

నా దృష్టిలో ఈ పెట్టెకు ప్రాణం చివరి రెండు డెమో సీడీలు, అంటే ఆల్బమ్‌కు ముందు చేసుకున్న కచ్చా రికార్డింగులు. 1978లో బృందంలోని గాయకుడు, పాటల రచయిత రోజర్ వాటర్స్ రెండు కథల డెమోలను తోటివారికి వినిపించగా వారు ఎంచుకున్నది ‘ద వాల్’నే. అతని సొంత డెమోలను ఇక్కడ ముక్కలుగానే ఇవ్వడం నన్ను నొప్పించింది. ఒక పాట పట్టుబడేలోపే మరొకటి మొదలవుతుంది. బృందం కలిసి చేసిన డెమోల దగ్గరకు వచ్చేసరికి ఆ వెలితి తీరుతుంది. ‘అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్’ రెండో భాగం పిల్లల గొంతులు లేకుండా వినిపించినప్పుడు, అసలు పాటలో పాడిన లండన్ ఇస్లింగ్టన్ బడి పిల్లలు ఆ పాటకు ఎంత బలం తెచ్చారో తెలుస్తుంది. ‘కంఫర్టబ్లీ నంబ్’ అయితే బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ మాటలు లేకుండా కూనిరాగంగా తీసిన బాణీగా ఒకచోట, ‘ద డాక్టర్’ అనే పేరుతో వేరే మాటలు తొడుక్కుని మరొకచోట ఎదురవుతుంది. ఆ రెండింటినీ విన్న వెంటనే అసలు పాట పెట్టుకుంటే, గిల్మర్ బాణీ, వాటర్స్ మాటలు ఎక్కడ అతుక్కున్నాయో చెవికి స్పష్టంగా అందుతుంది.

పెద్ద లోపం 5.1 సరౌండ్ మిక్స్, అంటే వినేవారి చుట్టూ పెట్టిన స్పీకర్లలో వినిపించేలా చేసిన కూర్పు లేకపోవడం. అదే వరుసలో 2011లో వచ్చిన ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ పెట్టెలో అది ఉంది. హెలికాప్టర్ చప్పుడు, ఫోను మోతలు, టీవీ మాటలు కథలో భాగమైన ఇటువంటి ఆల్బమ్‌కే ఆ మిక్స్ ఎక్కువ అవసరం. 2012లోనే వచ్చిన జెథ్రో టల్ బృందం ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ ఆల్బమ్ కొత్త సంచికకు సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ స్టీరియోతో పాటు సరౌండ్ మిక్స్ కూడా చేసిపెట్టాడు.

మన ఊరి ఉప్పుగాలికి అట్టపెట్టెలు త్వరగా చెమ్మగిల్లుతాయి కనుక, కొన్నవారు దీనిని కిటికీకి దూరంగా, మూత ఉన్న బీరువాలో ఉంచుకోవాలి. అంత ఖర్చు వద్దనుకునేవారికి అసలు ఆల్బమ్‌తో పాటు ఎంపిక చేసిన డెమోలు ఒక సీడీలో ఉన్న మూడు సీడీల ‘ఎక్స్‌పీరియెన్స్’ సంచిక దొరికితే చాలు.