పాత ట్రావెల్ ట్రైలర్ అమ్మాలంటే ఏది మేలు: డీలరా, కన్సైన్‌మెంటా, సొంత యాడా?

పిల్లలు హైస్కూలుకి వచ్చాక మా ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు) ఏడాదిలో పది నెలలు స్టోరేజ్ యార్డులోనే ఉండిపోవడం మొదలైంది. నెల నెలా యార్డు అద్దె, దానికి తోడు ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను. అమ్మేద్దామని ఇంట్లో అందరం ఒక మాట మీదకి వచ్చాం. ఎలా అమ్మాలన్న దగ్గర మాత్రం నెల రోజులు తేలలేదు. డీలరుకి ఇచ్చేద్దామని మా ఆవిడ, యాడ్ పెడదామని నేను. చివరికి యాడ్ పెట్టే అమ్మాం. ఈలోపు మూడు దారులూ తిరిగి కనుక్కున్నాను కాబట్టి, అమెరికాలో ట్రైలర్ అమ్మకానికి పెట్టాలనుకునే మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మార్కెట్ ఎలా ఉందో తెలియాలి. కోవిడ్ రోజుల్లో జనం హోటళ్ళు, విమానాలు మానేసి ట్రైలర్ల మీద పడ్డారు. ఆర్‌వీ ఇండస్ట్రీ అసోసియేషన్ లెక్క ప్రకారం 2021లో ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చిన ఆర్‌వీలు (ఇలాంటి ట్రైలర్లు, మోటర్‌హోములు) 6 లక్షల పైచిలుకు. అంతకు ముందు ఏ ఏడాదీ అన్ని రాలేదు. 2023 నాటికి ఆ సంఖ్య సుమారు 3 లక్షల 13 వేలకి పడిపోయింది. అప్పట్లో గిరాకీ ఎక్కువ ఉన్నప్పుడు పెద్ద ధర పెట్టి కొన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు మనలాగే అమ్మకానికి పెడుతున్నారు. కొన్న రేటుని మనసులో పెట్టుకుని ధర వేస్తే ఫోన్ మోగదు.

డీలరు దారి అన్నిటికన్నా తేలిక. ట్రైలర్‌ని లాక్కెళ్తారు, వాళ్ళు గంటసేపు చూస్తారు, ఒక అంకె చెబుతారు. ఆ అంకె వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది. రిపేర్లు చేయించాలి, ఎన్నాళ్ళో తమ లాట్‌లో (అమ్మకానికి నిలబెట్టే స్థలంలో) ఉంచుకోవాలి, అమ్మాక లాభం మిగలాలి. అందుకే హోల్‌సేల్ ధరకే అడుగుతారు. నాకు వచ్చిన ఆఫరు, తర్వాత నేను అమ్మిన ధరలో నాలుగింట మూడు వంతులు కూడా లేదు.

అయితే ఈ ట్రైలర్ ఇచ్చి అదే డీలరు దగ్గర ఇంకోటి కొనేవాళ్ళ సంగతి వేరు. చాలా రాష్ట్రాల్లో ట్రేడ్-ఇన్ విలువ తీసేసి, మిగతా మొత్తం మీదే సేల్స్ టాక్స్ వేస్తారు. మీ పాత ట్రైలర్‌కి డీలరు 12,000 డాలర్లు ఇస్తానన్నాడు, సొంతంగా అమ్మితే 15,000 వస్తుంది అనుకోండి. పైకి తేడా 3,000. మీ దగ్గర టాక్సు 7 శాతమైతే ట్రేడ్-ఇన్ వల్ల 840 డాలర్లు మిగులుతాయి. అంటే అసలు తేడా 2,160. రెండు మూడు వారాలు ఫోన్లు ఎత్తి, వచ్చినవాళ్ళకల్లా ట్రైలర్ చూపించే ఓపికకి 2,160 డాలర్లు సరిపోతాయా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఈ టాక్సు మినహాయింపు లేదు. అక్కడివాళ్ళకి పూర్తి 3,000 తేడా అలాగే ఉంటుంది.

కన్సైన్‌మెంట్ మధ్యదారి. ట్రైలర్ మీదే, నిలబెట్టేది వాళ్ళ లాట్‌లో, అమ్మాక కమీషన్ పట్టుకుని మిగతాది మీకిస్తారు. ఇంటి ముందు ట్రైలర్ ఒకట్రెండు రోజులకి మించి ఉంచనివ్వని హెచ్‌ఓఏలో (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘంలో) ఉన్నవాళ్ళకి, ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతున్నవాళ్ళకి ఇది నిజంగా పనికొస్తుంది. సంతకం పెట్టేముందు మాత్రం కాగితం మీద మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: అమ్ముడుపోయిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు, లాట్‌లో ఉండగా వడగళ్ళో దొంగతనమో జరిగితే ఎవరి ఇన్సూరెన్సు, ఎంత కాలం తర్వాత మనం వెనక్కి తెచ్చుకోవచ్చు. నోటిమాటగా చెప్పేది లెక్కలోకి తీసుకోవద్దు. నేను కనుక్కున్న ఒక చోట డబ్బు ఎప్పుడిస్తారో రాసివ్వమంటే మాట దాటేశారు. ఆ రోజే ఆ దారి వదిలేశాను.

ఇక సొంత యాడ్. నేను క్రెయిగ్స్‌లిస్ట్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఆర్‌వీ ట్రేడర్ అనే మూడు వెబ్‌సైట్లలోనూ పెట్టాను. మూడూ మూడు రకాల జనాన్ని తీసుకొస్తాయి.

క్రెయిగ్స్‌లిస్ట్ 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ పంపే ఈమెయిల్ జాబితాగా మొదలైంది. ఇప్పటికీ చూడ్డానికి అంతే సాదాగా ఉంటుంది. అవతలివాళ్ళెవరో ఏమీ తెలియదు, ఒక మారుపేరు ఈమెయిల్ తప్ప. నాకు వచ్చిన మెసేజీలు తక్కువే. కానీ వాటిలో సగం అనుభవమున్న ఆర్‌వీ మనుషులవి, ఇరుసు ఎన్ని పౌండ్లు మోస్తుందని అడిగేవాళ్ళవి. మిగతా సగం మోసగాళ్ళవి.

మార్కెట్‌ప్లేస్ 2016 అక్టోబరులో వచ్చింది. జనం అత్యధికంగా ఉండేది అక్కడే. యాడ్ పెట్టిన గంటలో ఇరవై మెసేజీలు, అన్నీ ఒకటే మాట: ‘ఇంకా ఉందా?’ వాళ్ళ వేలు ఒక్కసారి తగిలితే వెళ్ళిపోయే మెసేజీ అది. జవాబిస్తే పదిలో ఎనిమిది మంది మళ్ళీ పలకరు. అందుకని నేను ‘ఉంది. మీరు లాగే బండి ఏది?’ అని ఎదురు ప్రశ్న వేయడం మొదలుపెట్టాను. నిజంగా కొనేవాళ్ళు వెంటనే బండి పేరు చెబుతారు. ఆ ఒక్క ప్రశ్నతో నా సాయంత్రాలు నాకు మిగిలాయి. అవతలి మనిషి ప్రొఫైల్ ఎప్పుడు మొదలైంది, ఏ ఊరు అన్నది చూడగలగడం దీనిలో ఉన్న అసలు లాభం. నిన్నగాక మొన్న తెరిచిన ఖాతా అయితే జాగ్రత్తపడాల్సిందే.

ఆర్‌వీ ట్రేడర్‌లో డబ్బు కట్టాలి. దానికి తగ్గట్టు, అక్కడికి వచ్చేవాళ్ళంతా ఆర్‌వీ కోసమే వస్తారు. పొడవు, బరువు, ఎంతమంది పడుకోవచ్చు, బంక్ బెడ్లున్నాయా అని వడపోసి చూస్తారు కాబట్టి, మీ యాడ్ తెరిచినవాళ్ళకి దాదాపు అలాంటి ట్రైలరే కావాలి. రెండు వందల మైళ్ళ నుంచైనా వస్తారు. మాది కొన్నాయన వచ్చింది దీని ద్వారానే.

నన్నడిగితే పదివేల డాలర్ల లోపు ట్రైలర్‌కి మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్ సరిపోతాయి. అంతకు మించి పలికేదైతే, లేదా అరుదైన ఫ్లోర్‌ప్లాన్ (లోపలి అమరిక) అయితే, ఆర్‌వీ ట్రేడర్‌కి కట్టే డబ్బు దండగ కాదు. ధర వేయడానికి జె.డి. పవర్ వాళ్ళ పట్టిక చూడండి. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ నాడా గైడ్ అనే అంటారు. పక్క యాడ్లలో కనిపించేవి అడుగుతున్న ధరలే, అమ్ముడుపోయినవి కావు. నేను అలాంటి పది యాడ్లని దాచుకుని రెండు వారాలు చూశాను. మాయమైనవన్నీ తక్కువ ధరవి, కదలకుండా ఉన్నవన్నీ ఎక్కువ ధరవి. ఏ పట్టికా అంత బాగా చెప్పలేదు. వసంతం మొదట్లో పెడితే గిరాకీ బాగుంటుంది. అక్టోబరు దాటాక అయితే, ఫ్లోరిడా, ఆరిజోనా లాంటి వెచ్చని చోట్ల తప్ప, కొనేవాళ్ళు ‘చలికాలమంతా పెట్టుకునేది నేనే కదా’ అని ధర కోస్తారు.

ఎక్కడ పెట్టామన్న దానికన్నా యాడ్‌లో ఏం రాశామన్నదే ఎక్కువ పనిచేస్తుందని నాకు గట్టి నమ్మకం. ‘చాలా బాగుంది, తక్కువ వాడాం’ అని అందరూ రాస్తారు. కొనేవాళ్ళకి కావాల్సింది అంకెలు. ఖాళీ బరువు, సామానుతో కలిపి మొత్తం ఉండగల గరిష్ఠ బరువు, హిచ్ (బండికి తగిలించే భాగం) మీద పడే బరువు. ఈ మూడోది మామూలుగా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తక్కువైతే రోడ్డు మీద ట్రైలర్ ఊగుతుంది. పొడవు కూడా హిచ్‌తో కలిపి టేపుతో కొలిచి రాయండి. మోడల్ పేరులో ఉన్న అంకె చాలాసార్లు అసలు పొడవు కాదు. టైరు పక్క భాగం మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ట్రైలర్ టైర్లు అరగకపోయినా వయసుతో పాడవుతాయి కాబట్టి, తెలిసినవాళ్ళు మొదట వంగి చూసేది అక్కడే. ఆ అంకెల ఫోటో యాడ్‌లోనే పెట్టేయండి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళ లీకు. మా ట్రైలర్‌లో ముందు వైపు మంచం కింద, కుడి మూలన అరచేయంత మరక ఉండేది. రెండేళ్ళ కిందట పైకప్పు అంచున సీలెంట్ పగిలి వాన నీళ్ళు దిగాయి. కొత్త సీలెంట్ వేయించాను, మళ్ళీ కారలేదు. ఈ మరక యాడ్‌లో పెట్టాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. చివరికి నాలుగో ఫోటోగా దాన్నే పెట్టి, ఎప్పుడు కారింది, ఏం చేయించాను అన్నది రెండు వాక్యాల్లో రాసి, బిల్లు ఫోటో జతచేశాను.

కొన్నాయన వచ్చిన రోజు చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. ఏమీ అడగకుండా నేరుగా మంచం పరుపు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మరక మీద బొటనవేలితో నొక్కాడు. ఒకసారి కాదు, అంగుళం అంగుళం జరుపుతూ గోడ దాకా. చెక్క ఎక్కడా దిగబడలేదు. తర్వాత మొహం దగ్గరగా పెట్టి వాసన చూశాడు. లేచి, ‘ఫోటోలో ఉన్నంతే ఉంది’ అన్నాడు. ఆ తర్వాత బేరం పది నిమిషాల్లో తెగింది, మూడు వందల డాలర్లు తగ్గించాను. అంతకు ముందు వారం అదే రకం ట్రైలర్ ఒకటి చూడ్డానికి వంద మైళ్ళు వెళ్ళాడట. యాడ్‌లో లీకు మాటే లేదట, గోడ మెత్తగా చేతికి తగిలిందట. చూడగానే వెనక్కి తిరిగి వచ్చేశానన్నాడు.

సొంత యాడ్‌కి ఉన్న అసలు ఇబ్బంది మోసాలు. చూడకుండానే కొంటాననేవాళ్ళు, మీరడిగిన దానికన్నా ఎక్కువకి క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్) పంపి, మిగతాది ట్రైలర్ తీసుకెళ్ళే లారీవాడికి పంపమనేవాళ్ళు, పలానా వెబ్‌సైట్‌లోనే వాహన చరిత్ర రిపోర్టు కొనమనేవాళ్ళు, ‘మీరు నిజమైన మనిషేనా చూసుకుంటాను, ఫోనుకి వచ్చిన కోడ్ చెప్పండి’ అనేవాళ్ళు. ఈ పద్ధతులన్నిటి గురించీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ) ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉంది. చెక్ విషయం బాగా గుర్తుపెట్టుకోండి. బ్యాంకు మర్నాడే మీ ఖాతాలో డబ్బు చూపించవచ్చు, అది దొంగ చెక్కని వారాల తర్వాత తేలవచ్చు. అప్పుడు ఆ డబ్బు మీ ఖాతాలోంచే వెనక్కి పోతుంది. మేము కొనేవాళ్ళ బ్యాంకులోనే కలిశాం. కౌంటర్ వెనకున్న అమ్మాయి మా కళ్ళ ముందే చెక్ తయారుచేసి ఇచ్చాకే టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టాను.

టైటిల్ చేతిలో లేనివాళ్ళు, అంటే ఇంకా లోను ఉన్నవాళ్ళు, సొంత యాడ్‌కి వెళ్ళేముందు బాగా ఆలోచించాలి. చాలా రాష్ట్రాల్లో లోను తీరేదాకా టైటిల్ బ్యాంకు దగ్గరే ఉంటుంది. పైగా 2021లో కొన్నవాళ్ళకి ట్రైలర్ విలువకన్నా అప్పే ఎక్కువ మిగిలి ఉండొచ్చు. అప్పు 19,000, అమ్మితే వచ్చేది 15,000 అయితే ఆ 4,000 ముందు మన జేబులోంచి కట్టాలి, అప్పుడే టైటిల్ విడుదలవుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి డబ్బిచ్చి, టైటిల్ కోసం రెండు మూడు వారాలు ఆగడానికి ఒప్పుకోడు. లోను ఇచ్చిన బ్యాంకు శాఖ మీ ఊళ్ళోనే ఉంటే ముగ్గురూ అక్కడే కూర్చుని తేల్చుకోవచ్చు. లేకపోతే ఆ ఒక్క కారణం చేత డీలరు దారే మంచిదంటాను. లోను తీర్చే కాగితాల పని వాళ్ళకి రోజూ ఉండేదే.

అమ్మిన సాయంత్రం ఒక పని మిగిలే ఉంటుంది. ట్రైలర్ చేతులు మారిందని డీఎంవీకి (రాష్ట్ర వాహనాల శాఖకి) తెలియజేయాలి. కాలిఫోర్నియాలో దీనికి 5 రోజుల గడువు. అది చేయకపోతే కొత్త ఓనరు కట్టని పార్కింగ్ ఫైన్లు మీ పేరు మీద రావచ్చు. నంబర్ ప్లేటు సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో విప్పి దగ్గర పెట్టుకోమంటారు, కాలిఫోర్నియాలో మామూలుగా ట్రైలర్‌తోనే వెళ్ళిపోతుంది. ఆయన హిచ్ తగిలించి, లైట్లు వెలుగుతున్నాయో లేదో మా ఆవిడతో చూపించుకుంటుండగానే నేను పక్కన నిలబడి ఫోనులో ఆ ఫారం నింపేశాను. తర్వాత మూడు చోట్లా యాడ్ తీసేశాను. అప్పటికి ఇంకో పదకొండు ‘ఇంకా ఉందా?’లు వచ్చి ఉన్నాయి.