విశాఖా, కాకినాడా, నరసరావుపేటా, నాగార్జునా: బెజవాడ, గుంటూరు పిల్లలకు సర్కారు కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) సీటు ఎక్కడ మేలు?

ఈఏపీసెట్ ర్యాంకు చేతికొచ్చాక ఇంట్లో మొదలయ్యే పంచాయితీ ఒకటే: ఏ యూనివర్సిటీ పెట్టాలి? పేర్లు పోల్చుకోబోయే ముందు రెండు సంగతులు తేలాలి. పిల్లవాడు ఏ ప్రాంతానికి లోకల్? వచ్చే సీటు తక్కువ ఫీజుండే రెగ్యులరా, ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్సా? సగం జవాబు ఇక్కడే దొరికిపోతుంది.

లోకల్ లెక్క చూద్దాం. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న పాత కోస్తా జిల్లాలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ప్రాంతం. నాగార్జున యూనివర్సిటీ మన గుమ్మం ముందే ఉన్నా, కృష్ణా, గుంటూరు పిల్లలు ఈ లెక్కలో ఏయూ ప్రాంతం వాళ్లే. నెల్లూరు, రాయలసీమ జిల్లాలు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ప్రాంతం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో నిండే కన్వీనర్ సీట్లలో 85 శాతం అక్కడి లోకల్ పిల్లలకు పోతాయి, మిగతా 15 శాతానికి అందరూ పోటీ పడతారు. అనంతపురం జేఎన్‌టీయూ, తిరుపతి ఎస్వీయూ రెండూ పేరున్న కాలేజీలే. కానీ గుంటూరు పిల్లకు అక్కడ మిగిలేది ఆ 15 శాతమే. లోకల్ వాళ్ల చివరి ర్యాంకు చూసి ‘మనకూ వచ్చేస్తుంది’ అనుకుని చాలామంది బోల్తా పడేది ఇక్కడే. హైదరాబాద్ ఆశ కూడా ఇక వద్దు. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

లోకల్ తేలేది ఆధార్ కార్డు మీది చిరునామాతో కాదు, చదివిన చోటుతో. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడి లోకల్. లేకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చి పెట్టుకోవాలి. మూతపడ్డ ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతి చదివినవాళ్లకు ఈ కాగితం దగ్గరే వారం రోజులు పోతాయి.

జేఈఈ దారిలో, ఐఐటీ, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్ అయిన జోసాలో వచ్చే సీట్లకు ఈ లెక్క పనికిరాదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఉంటాయి, ఆ రాష్ట్రాన్ని నిర్ణయించేది ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్న ఒక్క ముక్కే. పదో తరగతి దాకా గుంటూరు బ్రాడీపేటలో చదివి ఇంటర్‌కు హైదరాబాద్ వెళ్లిన పిల్లవాడికి ఈఏపీసెట్‌లో ఏయూ లోకల్ నిలబడవచ్చు. జోసాలో మాత్రం అతను తెలంగాణ కోటా కిందికి వెళ్తాడు, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం వాటా దక్కదు. బెజవాడలో ఇంటర్ చదివి, జేఈఈ మెయిన్ ర్యాంకు అందుకుంటే మాత్రం తాడేపల్లిగూడెం సీఎస్‌ఈని పైన పెట్టండి. 2015లో మొదలైన కాలేజీయే అయినా ఎన్‌ఐటీ కాబట్టి కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయి. రైలెక్కితే బెజవాడ నుంచి రెండు గంటల లోపే. ఫీజు చూసి బెదరొద్దు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా, ఐదు లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీలకు మొత్తం మాఫీ.

ఇక రాష్ట్ర యూనివర్సిటీల్లో పై రెండు, విశాఖ ఏయూ, కాకినాడ జేఎన్‌టీయూ. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది మన బెజవాడలోనే, 1930లో వాల్తేరుకు తరలింది. అక్కడ డిపార్టుమెంటు పేరు కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్. కాకినాడ కాలేజీకి 1946 నుంచి చరిత్ర ఉంది, అదంతా ఇంజనీరింగ్ లోకమే. రెగ్యులర్ సీటు రెండు చోట్లా వచ్చేట్టుంటే విశాఖ వైపు కాస్త మొగ్గు చూపొచ్చు. కారణం పాఠాలు కాదు, ఊరు. చదువుతూ ఇంటర్న్‌షిప్ చేయడానికి, మూడో ఏడాదిలో కంపెనీ ముఖం చూడడానికి విశాఖలో ఉన్న వీలు కాకినాడలో లేదు. గేట్ రాసి ఎంటెక్ వైపు వెళ్దామనుకునే వాళ్లకు ఈ తేడా పెద్దగా తగలదు. ఆడపిల్లలకు విశాఖలో ఏయూ మహిళా ఇంజనీరింగ్ కాలేజీ వేరేగా ఉంది, ఆప్షన్ల జాబితాలో దాన్ని ప్రధాన కాలేజీ అనుకుని పెట్టకండి.

అసలు తలనొప్పి ఆ రెండూ అందని ర్యాంకుల వాళ్లది. వాళ్ల ముందు నరసరావుపేట, నాగార్జున నిలబడతాయి. నరసరావుపేటది జేఎన్‌టీయూ కాకినాడ సొంత కాలేజీ, 2016లో మొదలైంది. డిగ్రీ మీద కాకినాడ పేరే ఉంటుంది. అయితే గుంటూరు, బెజవాడల్లో జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీ పిల్లల పట్టా మీదా ఆ పేరే ఉంటుంది. అంచేత డిగ్రీ పేరు కోసం నరసరావుపేట వెళ్లడంలో అర్థం లేదు. వెళ్లాల్సింది తక్కువ ఫీజు కోసం. గుంటూరు నుంచి 45 కిలోమీటర్లు. రోజూ తిరిగితే పోనూరానూ రెండున్నర గంటలు బస్సులోనే గడుస్తాయి, హాజరు 75 శాతం ఉండాలి, 65 కంటే తగ్గితే ఏ మెడికల్ సర్టిఫికెట్టూ కాపాడదు. బెజవాడ పిల్లలకైతే హాస్టల్ తప్ప దారి లేదు.

నాగార్జున యూనివర్సిటీ వయసు 1976 నుంచి, ఇంజనీరింగ్ కాలేజీ మాత్రం 2009లో వచ్చింది. బెజవాడలోనో గుంటూరులోనో పల్లెవెలుగు ఎక్కితే గేటు ముందు దిగొచ్చు. ఇంటి భోజనం, ఇంటి నిద్ర. హాస్టల్ ఖర్చు మిగులుతుంది, కానీ సీటు సెల్ఫ్ ఫైనాన్స్‌దైతే ఆ మిగులును ఫీజు తినేయొచ్చు. ఆ క్యాంపస్‌లో పీజీల హడావుడే ఎక్కువ, ఇంజనీరింగ్ ఒక మూల. ఫీజు భారం, ఇంట్లో ఉండాల్సిన అవసరం, రెండిట్లో ఏది పెద్దదో దాన్నిబట్టే ఎంచుకోవాలి. ఏ ఇబ్బందీ లేని వాళ్లకు మా ఓటు నరసరావుపేటకే, రెగ్యులర్ సీటైతేనే సుమా.

ఈ రెండిటికీ ఉమ్మడి లోటు ఒకటుంది. పెద్ద ఐటీ కంపెనీలు మూకుమ్మడిగా దిగేది ఒకే చోట వందల మంది సీఎస్‌ఈ పిల్లలు దొరికే కాలేజీలకు. చిన్న కాలేజీల పిల్లలు పూల్ డ్రైవ్ (చాలా కాలేజీల వాళ్లకు ఒకేచోట జరిపే ఉద్యోగాల ఎంపిక) కోసం వేరే ఊరు పోవాలి. పైగా పర్మనెంటు అధ్యాపకుల కొరత. 2023లో రాష్ట్ర యూనివర్సిటీల కోసం ఏకంగా 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు ఇవ్వాల్సి వచ్చిందంటే ఖాళీల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆదివారం కాకుండా పనిదినాన వెళ్లి, రెండో ఏడాది పిల్లల్ని పట్టుకుని అడగండి: డేటా స్ట్రక్చర్స్ చెప్పింది పర్మనెంటు మాస్టారా, గెస్టా? సెమిస్టర్ మధ్యలో మారారా? ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఎంతమంది? ప్లేస్‌మెంట్ బోర్డు మీది అంకె ఆఫర్లదా, మనుషులదా? ఒకే పిల్లకు మూడు ఆఫర్లొస్తే బోర్డు మీద అది మూడే.

ఇప్పుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల జాబితా తెరవండి. మొదట చూడాల్సిన గడి కాలేజీ రకం చెప్పేది: యూనివర్సిటీ అని ఉందా, ఎస్‌ఎఫ్ (సెల్ఫ్ ఫైనాన్స్) అని ఉందా. ఒకే క్యాంపస్‌లో, ఒకే గదిలో కూర్చునే సీటుకు రెండు వరుసలు కనబడతాయి, ఫీజు గడిలో అంకె మాత్రం పొంతన లేకుండా ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు అది ఎంతవరకు వర్తిస్తుందో కాలేజీ ఆఫీసులో అడిగాకే ఆప్షన్ పెట్టాలి. తర్వాత మీ కేటగిరీలో, అబ్బాయా అమ్మాయా అన్న గడిలో, ఏయూ లోకల్ వరుసలో ఉన్న ర్యాంకు చూడండి. ఒక్క ఏడాదిది కాదు, మూడేళ్లది.

సీఎస్‌ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్ కోర్సులూ కనబడతాయి. మొదటి ఏడాది పాఠాలు దాదాపు ఒకటే. గేట్‌లో డేటా సైన్స్, ఏఐ పేపరు 2024 నుంచే ఉంది, కాబట్టి ఆ దారీ మూసుకుపోలేదు. విశాఖలో ఏఐ రెగ్యులర్ సీటు వస్తుంటే దాన్ని కాదని ఊళ్లో సెల్ఫ్ ఫైనాన్స్ సీఎస్‌ఈకి పోనక్కర్లేదు.

ఆప్షన్లు ఎన్నైనా పెట్టొచ్చు. ర్యాంకు అందదనిపించినా ఇష్టమైనదాన్ని పైనే ఉంచండి, దానివల్ల కింది సీటు పోదు. జాగ్రత్త పడాల్సింది రెండో విడతలో. అప్పుడు చేతిలో ఉన్న సీటు కంటే మేలనుకున్నవే పెట్టండి. కొత్త సీటు వచ్చిన మరుక్షణం పాతది ఇంకొకరికి వెళ్లిపోతుంది, ఎంత బతిమాలినా తిరిగి రాదు.