పాత పికప్‌కు ముందు డిస్కు బ్రేకులు: కోనసీమ రోడ్ల మీద కొన్నేళ్ల వాడకం

పాత జీపు ఛాసిస్ మీద కట్టిన మా డీజిల్ పికప్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ముందు చక్రాలకు డిస్కులు పెట్టించి, వెనుక డ్రమ్ములను అలాగే ఉంచి, అమలాపురం, రాజోలు, నర్సాపురం మధ్య కొబ్బరికాయలు, ధాన్యం, రొయ్యల మేత మోస్తూ కొన్నేళ్లుగా నడుపుతున్నాము. ఈ మార్పు మన ప్రాంతంలో ఎవరికి పనికి వస్తుందో, ఎవరికి దండగో ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది.

డిస్కుల గురించి చెప్పేవారందరూ ముందుగా వేడి మాట ఎత్తుతారు. ఘాట్‌లో దిగుతున్నప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, లైనర్లు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూల మీది రాపిడి పట్టీలు) పట్టు తప్పి, పెడల్ కిందికి దిగిపోవడం నిజమే. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు లోడుతో దిగేవారికి ఆ లెక్క సరిపోతుంది. ధవళేశ్వరం దిగువన ఉన్న ఈ బల్లపరుపు నేలలో మాత్రం, వంతెనల వాలులు, ఏటిగట్లు తప్ప బ్రేకులను అంతగా కాల్చే దిగుడు ఎక్కడుంది? మన బండ్లను ఇబ్బంది పెట్టేది నీరు. మురుగు కాలువ పొంగి రోడ్డెక్కిన రోజున డ్రమ్ములోకి చేరిన నీరు త్వరగా బయటికి పోదు. లైనరుకూ డ్రమ్ముకూ నడుమ పలుచని పొరగా నిలుస్తుంది. పెడల్ కాలికి గట్టిగానే తగులుతుంది, బండి మాత్రం ఆగదు. అంతకంటే చెడ్డది, ఒక పక్క డ్రమ్ము ముందుగా ఆరితే స్టీరింగ్ ఆ పక్కకే లాగుతుంది. ఒకవైపు పంట కాలువ, మరొకవైపు రొయ్యల చెరువు ఉన్న సింగిల్ రోడ్డులో ఆ లాగుడు ఎంత ప్రమాదమో ఇక్కడ బండి నడిపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. డిస్కు మూత లేకుండా బయటే తిరుగుతుంది కనుక నీటిని విసిరికొడుతుంది, మిగిలిన తడిని దాన్ని రెండు పక్కల నుంచీ నొక్కే ప్యాడ్లు తుడిచేస్తాయి. నీటిలోంచి గట్టెక్కాక మొదటిసారి తొక్కినప్పుడు గర్రుమని శబ్దం వస్తుంది, అర క్షణం జారినట్టుంటుంది, ఆ వెంటనే రెండు చక్రాలూ సమంగా పట్టుకుంటాయి. పెట్టిన డబ్బుకు నాకు దక్కిన అసలు ఫలితం ఇదే. పొడి రోడ్డు మీద, సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ములతో పోలిస్తే, బండి ఆగే దూరంలో నాకు పెద్ద తేడా కనిపించలేదు.

డిస్కులు, కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపులు) కొనుక్కుని బిగించుకుంటే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మా ఖర్చులో సగానికి పైగా చక్రాల దగ్గర కాక బానెట్ కిందే అయింది. డ్రమ్ములో చక్రం తిరుగుడే ముందరి షూను తన వెంట లాక్కుని మరింత బిగిస్తుంది కనుక కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకపోయినా బండి ఆగుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, ప్యాడ్లను నొక్కే బలమంతా బయటి నుంచే రావాలి. అందుకు వాక్యూమ్‌తో (గాలి లాగేసిన ఖాళీతో) పనిచేసే బూస్టర్ కావాలి, డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనులాగా తనంతట తాను వాక్యూమ్ ఇవ్వదు కనుక ఆల్టర్నేటర్‌కు వెనుక పంపు ఉన్న రకం కావాలి, కాలిపర్ పిస్టన్లు ఎక్కువ బ్రేకాయిల్ తీసుకుంటాయి కనుక, పెడల్ తొక్కితే ఆ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా మారాలి. మా పాత మాస్టర్ ఒకే గది గలది. ఎక్కడ ఒక పైపు కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఒక గది కారినా రెండోది పనిచేసే రెండు గదుల మాస్టర్ రావడం ఒక్కటే ఈ ఖర్చులో సగాన్ని సమర్థిస్తుందని నా నమ్మకం.

పాత మాస్టర్‌నే ఉంచి డిస్కులు బిగించిన బండ్లనూ చూశాను. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్లలో చాలావాటిలో, లైనులో చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. వెనుక షూలను స్ప్రింగులు డ్రమ్ముకు తగలకుండా వెనక్కి లాగి ఉంచుతాయి కనుక అక్కడ ఆ కొద్ది ఒత్తిడి మేలే చేస్తుంది. కాలిపర్‌లో అలాంటి స్ప్రింగులు లేవు. ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, పది కిలోమీటర్లు వెళ్లి హబ్బు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది, మైలేజీ పడిపోతుంది. ఆ తరువాత తప్పంతా కాలిపర్‌దేనని షెడ్డువారు తేలుస్తారు.

బూస్టర్ వచ్చాక డ్రైవర్ ఒక అలవాటు మానుకోవాలి. డీజిల్ మిగులుతుందని వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపి న్యూట్రల్‌లో వదిలేసేవారు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఇంజను ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతుంది, బూస్టర్‌లో నిలవ ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది, ఆపై పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. చించినాడ వంతెన వాలులో లోడుతో అలా జరిగితే గుండె నోట్లోకి వస్తుంది.

ఇక ఉప్పుగాలి. అంతర్వేది వైపు ఒక రాత్రి బండి నిలిపితే తెల్లవారేసరికి డిస్కుల మీద కాషాయ రంగు తుప్పు పొర కడుతుంది. మొదటి రెండు బ్రేకులతో అది రాలిపోతుంది కనుక దానికి భయపడవలసిన పని లేదు. భయపడవలసింది కాలిపర్ జారే పిన్నుల గురించి. రొయ్యల పట్టుబడి రోజుల్లో చెరువుల దగ్గర ఉప్పునీరు కారే ట్రేల నడుమ తిరిగిన బండికి, పిన్ను రబ్బరు తొడుగు ఏ కొంచెం చిరిగినా లోపల గ్రీజు తెల్లగా పాలిపోయి, పిన్ను పట్టేస్తుంది. మా ఎడమ చక్రం విప్పినప్పుడు బయటి ప్యాడ్ కొత్తదానిలా మందంగా ఉంది, లోపలి ప్యాడ్ మాత్రం ఇనుప రేకు కనిపించేదాకా అరిగి, డిస్కు మీద వేలి గోరు ఇరుక్కునేంత గాడి పెట్టింది. అప్పటి నుంచి వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పిన్నులు తీసి తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టిస్తున్నాను. ఊడ్పులు, కోతల కాలంలో ఒండ్రుమట్టి డిస్కుకూ వెనుక రేకుకూ మధ్య చేరి ఎండి గట్టిపడుతుంది. దాన్ని నీటి పైపుతో మెత్తబరిచి తీయాలి తప్ప స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు. బ్రేకాయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మన ఉక్కగాలిలో రెండేళ్లకోసారైనా పూర్తిగా మార్చి ఎయిర్ తీయించడం మంచిది. పాత డ్రమ్ములు విప్పే రోజున, లోపలి దుమ్మును కంప్రెసర్‌తో ఊదవద్దని షెడ్డువారికి గట్టిగా చెప్పండి. పాతకాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి మార్పుల మీద ఆంక్షలు పెడుతుంది, సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడిగిన తరువాతనే సామాను కొనండి.

వెనుక చక్రాలకు కూడా డిస్కులు పెట్టిస్తారా అని షెడ్డులో అడిగారు, నేను ఒప్పుకోలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటేటప్పుడు బండిని కదలకుండా పట్టి ఉంచేది వెనుక డ్రమ్ములకు కలిపిన హ్యాండ్ బ్రేకే, అది కేబుల్‌తో చక్కగా పనిచేస్తోంది. ఖాళీ బండికి వెనుక చక్రాలు ముందుగా లాకవుతుంటే, వెనుక బ్రేకుల ఒత్తిడిని తగ్గించేందుకు ఆ లైనులో తిప్పి సర్దుకునే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టించాను. ఖాళీ బండికి సరిపోయేలా దాన్ని సర్దితే లోడు మీద వెనుక బ్రేకు కొంత తక్కువ పలుకుతుంది, కనుక నిండు లోడుతో బయలుదేరే ముందు వెనుక ఒత్తిడి పెరిగేలా వాల్వును కొంచెం తిప్పుతాను. వెనుక వీల్ సిలిండర్ల రబ్బర్లు మాత్రం మునుపటిలాగే వానాకాలం తరువాత కారుతున్నాయి, వాటిని మారుస్తూనే ఉన్నాను.