అందరికీ ఒకటే ఫైలు: విడదీయడమా, సర్వర్‌కు మారడమా – ఏది మేలు?

రొయ్యల పట్టుబడి ఉన్న రోజు మా కార్యాలయం తెల్లవారకముందే తెరుచుకుంటుంది. చెరువు గట్టు నుంచి ఫోనులో తూకాలు వస్తుంటాయి. ఒకరు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), కిలోలు, ధర ఎక్కిస్తుంటే, అదే రైతు మేత బాకీని మరొకరు సరిచేస్తుంటారు. సరిగ్గా అప్పుడే తెర మీద హెచ్చరిక పడుతుంది: మీరు దిద్దడం మొదలుపెట్టాక ఈ రికార్డును వేరొకరు మార్చారు, మీ మార్పు ఉంచాలా, వదిలేయాలా? తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు. ఎవరో ఒకరు రాసింది పోతుంది. రైతు ఖాతాలో రెండు బస్తాల మేత తేడా వచ్చినా ఏళ్ల నమ్మకం దెబ్బతింటుంది.

భీమవరం దగ్గర ఒక మేత వ్యాపారి కార్యాలయంలో ఆరు కంప్యూటర్ల బాధ్యత నాది. లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో, అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్‌లోని ఒకే ఫైలులో ఉండేవి. మా ముందున్న దారులు మూడు: ఆ ఫైలునే అమరికలు (సెట్టింగులు) మార్చి వాడుకోవడం, ఫైలును రెండుగా విడదీయడం, టేబుళ్లను, అంటే లెక్కలు దాచే పట్టికలను, మైక్రోసాఫ్ట్ వారి ఉచిత డేటాబేస్ సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు తరలించడం.

డెల్టాలో పుట్టినవారికి లాకు కొత్త మాట కాదు. ధవళేశ్వరం నుంచి దిగే కాలువల మీద ఒక పడవ లాకులోకి చేరితే తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి, అవతలి తలుపు తెరిచేవారు. వెనక పడవ అంతవరకు ఆగేది. రికార్డు లాకు చేసే పని కూడా అదే. అయితే యాక్సెస్ మామూలు అమరిక ‘లాకులు లేవు’ అన్నది. అంటే ఇద్దరూ ఒకేసారి దిద్దవచ్చు, తగువు తేలేది భద్రపరిచేటప్పుడే. దాన్ని ‘దిద్దుతున్న రికార్డు’ అని మారిస్తే రెండో మనిషికి ఆ రికార్డు మొదటే మూసుకుంటుంది. డబ్బు లెక్కలకు నేను దీన్నే కోరుకుంటాను. ఒక చిక్కుంది: సగం దిద్దిన రికార్డును తెర మీద వదిలి టీకి వెళితే, వాళ్లు తిరిగి వచ్చేదాకా మిగతావారు ఆగాలి. ‘అన్ని రికార్డులు’ అనే మూడో అమరిక జోలికి మాత్రం వెళ్లకండి. ఒక్కరు పని చేస్తే అందరూ ఆగిపోతారు.

అమరికలు సరిచేసినా ఒకే ఫైలు పద్ధతిలో అసలు జబ్బు పోదు. ఎవరైనా ఫారం రూపం మార్చబోతే ఫైలు మొత్తం వారి ఒక్కరి చేతిలో ఉండాలి. అప్పుడు మిగతావారిని లోపలికి రానివ్వదు. గొడవలకు ఇంకో కారణం చాలామందికి తట్టదు. ఫైలు తెరవగానే పక్కనే ఎల్ఏసీసీడీబీ అనే చిన్న లాకు ఫైలు పుడుతుంది. అది పుట్టాలంటే ఫోల్డర్‌లో కొత్త ఫైలు సృష్టించే, రాసే, చెరిపే అనుమతులు అందరికీ ఉండాలి. డేటాబేస్ ఫైలుకు మాత్రమే అనుమతి ఇస్తే చాలదు. మా దగ్గర సగం గొడవలు ఈ ఒక్క దిద్దుబాటుతో ఆగాయి. ఆ లాకు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కంప్యూటర్ల పేర్లు కనిపిస్తాయి కానీ, బయటకు వెళ్లినవారి పేర్లు కూడా అందులో మిగిలి ఉండవచ్చు. పేరు చూసి నింద వేయకండి.

ఇక విడదీయడం. టేబుళ్లు ఒక ఫైలులో షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫారాలు, నివేదికలు ఉన్న ఫైలు ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కో ప్రతిగా ఉంటుంది. ఇందుకు కావలసిన పనిముట్టు యాక్సెస్‌లోనే ఉంది, ఒక మధ్యాహ్నం చాలు, ఖర్చు లేదు. ఫారం మార్చాలంటే నా ప్రతిలో మార్చి అందరికీ పంచుతాను, ఎవరి పనీ ఆగదు. ప్రతి ఫారం తెరిచినప్పుడల్లా నెమ్మదిస్తుంటే, చిన్న టేబుల్‌కు ముడిపెట్టిన ఒక ఫారాన్ని కనిపించకుండా రోజంతా తెరిచి ఉంచండి. లాకు ఫైలు మాటిమాటికీ పుట్టి పోవడం తగ్గి, వేగం పెరుగుతుంది.

దీనికి రెండు శత్రువులు: వైఫై, కరెంటు కోత. రాస్తున్న క్షణంలో సంబంధం తెగితే టేబుళ్ల ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. గాలివాన రోజుల్లో మన దగ్గర కరెంటు ఎలా ఉంటుందో తెలిసిందే. అందుకే తీగ నెట్‌వర్క్ వేసి, ఫైలు ఉన్న కంప్యూటర్‌కూ నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ పెట్టించాను. వన్‌డ్రైవ్ వంటి ఫోల్డర్‌లో ఆ ఫైలు ఉంచి అందరూ తెరవడం గురించి అడిగేవారికి నా జవాబు ఒక్కటే: వద్దు. అక్కడ ఎవరి ప్రతి వారిదే అవుతుంది, లాకు అనేదే పనిచేయదు.

సర్వర్ బలం వేరు. లాకులను సర్వరే చూసుకుంటుంది. మధ్యలో సంబంధం తెగితే సగం రాసిన లావాదేవీని వెనక్కి తీస్తుంది. అందరూ పనిలో ఉండగానే బ్యాకప్ తీయవచ్చు. యాక్సెస్ ఫైలు పరిమితి 2 జీబీ అయితే, ఎక్స్‌ప్రెస్ 2022లో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ, అదీ ఉచితంగా. కానీ రాత్రిపూట బ్యాకప్‌లు నడిపే ఏజెంట్ ఇందులో లేదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో మనమే ఏర్పాటు చేసుకోవాలి. పైగా తరలించిన తర్వాత ఒక్కరే పని చేస్తున్నా ‘వేరొకరు మార్చారు’ అనే హెచ్చరిక రావచ్చు. అవును–కాదు గడులు ఖాళీగా ఉండటం దీనికి తరచుగా కనిపించే కారణం. వాటికి 0 విలువ ఇచ్చి, ప్రతి టేబుల్‌కు రోవెర్షన్ అనే నిలువు వరుస (రికార్డు మారిన ప్రతిసారీ దానంతట అదే మారే గుర్తు) చేరిస్తే పోతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి అందుబాటులో లేకపోతే సర్వర్ కొత్త తలనొప్పి అవుతుంది.

ఒకే కప్పు కింద ఆరుగురు, తీగ నెట్‌వర్క్ ఉంటే విడదీయడమే మేలని నా గట్టి నమ్మకం. రెండో ఊళ్లో శాఖ ఉంటే మాత్రం సర్వరే. పాలకొల్లులో మా యజమాని గోదాము తెరిచి అక్కడి నుంచి కూడా తూకాలు ఎక్కించాలన్నప్పుడు, ఇంటర్నెట్ మీదుగా యాక్సెస్ ఫైలు తెరవడానికి నేను ఒప్పుకోలేదు. ఫారాలను అలాగే ఉంచి టేబుళ్లను మాత్రం సర్వర్‌కు మార్చాను. మొదట రైతుల ఖాతాలు, వారం తర్వాత మేత నిల్వలు.