పెళ్ళా, సివిల్ యూనియనా: హక్కులు అవే అయితే పేరు కోసం పట్టెందుకు?

"సివిల్ యూనియన్ పేరుతో హక్కులన్నీ ఇస్తామంటున్నాం కదా, పెళ్ళి అనే మాట కోసమే ఇంత పట్టా?" స్వలింగ జంటల మీద చర్చ నడిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలా అడుగుతారు. అడిగేవాళ్ళంతా ద్వేషంతో అడగరు. సివిల్ యూనియన్ అంటే పెళ్ళి అని పిలవకుండా జంటకు చట్టం ఇచ్చే గుర్తింపు. నాకూ ఒకప్పుడు ఇది సబబైన రాజీలాగే అనిపించింది.

కాగితం మీద చూస్తే అలాగే ఉంటుంది కూడా. 2000లో వెర్మాంట్ రాష్ట్రం అమెరికాలోనే మొదటి సివిల్ యూనియన్ చట్టం తెచ్చింది. వారసత్వం, ఆస్పత్రిలో నిర్ణయాలు, విడిపోతే ఆస్తి పంపకం... ఆ రాష్ట్రం భార్యాభర్తలకు ఇచ్చేవన్నీ అందులో ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, అవి రాష్ట్రం పొలిమేర దాకానే. పక్క రాష్ట్రంలో అడుగుపెడితే ఆ ఇద్దరూ చట్టం లెక్కలో ఒకరికొకరు ఏమీ కాకపోవచ్చు. విడిపోవడమూ తలనొప్పే. ఉంటున్న చోట ఆ బంధాన్నే గుర్తించకపోతే రద్దు చేయమని ఎవరిని అడగాలి?

పెళ్ళి చేసుకున్నవాళ్ళకు మాత్రం ఆ రోజుల్లో అన్నీ సాఫీగా జరిగాయా అంటే, లేదు. 1996 నాటి చట్టం ఒకటి ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం స్వలింగ పెళ్ళిళ్ళను గుర్తించకుండా అడ్డుపడింది. అసలు తేడా బయటపడింది ఆ అడ్డు తొలగాకే.

ఈడిత్ విండ్సర్, థియా స్పైయర్ అనే ఇద్దరు మహిళలు 1993లోనే న్యూయార్క్‌లో డొమెస్టిక్ పార్ట్‌నర్లుగా (పెళ్ళి కాని జంటగా) పేర్లు నమోదు చేసుకున్నారు. 2007లో టొరంటో వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. 2009లో స్పైయర్ చనిపోతే, ఆమె వదిలి వెళ్ళిన ఆస్తి మీద విండ్సర్‌కు 3,63,053 డాలర్ల ఫెడరల్ పన్ను పడింది. భర్త పోయిన భార్యకైతే ఆ పన్ను ఉండేది కాదు. ఆమె కోర్టుకెక్కింది. 2013 జూన్‌లో సుప్రీంకోర్టు 1996 చట్టంలోని ఆ అడ్డును కొట్టేసి ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆ కేసు నిలబడింది టొరంటో పెళ్ళి మీదే, పదిహేనేళ్ళకు పైగా ఉన్న రిజిస్ట్రేషన్ మీద కాదు.

సుమారు రెండు నెలలకే ఫెడరల్ పన్నుల శాఖ తన లెక్క చెప్పేసింది: పెళ్ళయితే గుర్తిస్తాం, సివిల్ యూనియన్ అయితే గుర్తించం. వివాహ స్థితి మీద ఆధారపడిన ఫెడరల్ చట్ట నిబంధనలు 1,138 ఉన్నాయని 2004లోనే ప్రభుత్వ లెక్క తేల్చింది. "పేరొక్కటే తేడా" అన్న మాట అక్కడితో చెల్లిపోయింది. సివిల్ యూనియన్ మాత్రమే ఇస్తూ వచ్చిన న్యూజెర్సీలో, కోర్టు ఆదేశంతో ఆ అక్టోబరులోనే పెళ్ళిళ్ళు మొదలయ్యాయి.

న్యూజెర్సీ అనుభవం ఇంకో సంగతి కూడా చెబుతుంది, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. తన సివిల్ యూనియన్ చట్టం ఎలా నడుస్తోందో చూడటానికి ఆ రాష్ట్రమే ఒక కమిషన్ వేసింది. 2008లో వచ్చిన నివేదిక ప్రకారం అది సమానత్వం ఇవ్వలేకపోయింది. ఫెడరల్ చట్టం కింద నడిచే ఇన్సూరెన్స్ పథకాలున్న కొన్ని కంపెనీలు భాగస్వామికి కవరేజీ ఇవ్వలేదు. ఆస్పత్రుల్లో సివిల్ యూనియన్ అంటే ఏమిటో జంటలే వివరించాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ వార్డు బయట, ఆ టెన్షన్‌లో, చట్టం గురించి పాఠం చెప్పే ఓపిక ఎవరికుంటుంది? "నేను ఆయన భర్తని" అంటే నర్సు ఇంకో ప్రశ్న అడగదు.

అలాగని సివిల్ యూనియన్ పనికిరానిదని నేననను. ఫ్రాన్స్‌లో 1999లో మొదలైన పాక్స్ (సివిల్ యూనియన్ లాంటి ఒప్పందం)ను ఇప్పుడు ఎక్కువగా వాడుకుంటున్నది స్త్రీ పురుష జంటలే. ఇంగ్లండ్‌లో అప్పట్లో స్వలింగ జంటలకే ఉన్న సివిల్ పార్ట్‌నర్‌షిప్ తమకూ కావాలని ఒక స్త్రీ పురుష జంట పోరాడి, 2018లో సుప్రీంకోర్టులో గెలిచింది. పెళ్ళి తలుపు కూడా తెరిచి ఉన్నప్పుడు అది మంచి రెండో దారి. ఒక్కటే దారిగా చూపించి "దీంతో సరిపెట్టుకోండి" అంటేనే గొడవ.

రెండూ అందుబాటులో ఉండి ఎంచుకోగలిగినవాళ్ళు, వేరే దేశానికి మకాం మార్చే ఆలోచన ఉన్నా, పిల్లల్ని పెంచాలనుకుంటున్నా పెళ్ళి వైపే మొగ్గడం మేలు. ఇటలీ 2016లో తెచ్చిన సివిల్ యూనియన్ చట్టంలో భాగస్వామి బిడ్డను దత్తత తీసుకునే హక్కును చివర్లో తీసేశారు. తేలిగ్గా కుదిరి తేలిగ్గా తెగే ఒప్పందం చాలనుకుంటే పాక్స్ లాంటిది బాగానే ఉంటుంది. కాకపోతే వీలునామా మాత్రం విడిగా రాసుకోవాలి. అది లేకపోతే పాక్స్ భాగస్వామికి వారసత్వం రాదు.