రెండు బై నాలుగు టైల్ బాత్రూమ్ గోడకు: సిమెంటా, గమ్మా, క్లాంపులా?

బాత్రూమ్ గోడకు ఒకప్పుడు అడుగు బై అడుగున్నర సిరామిక్ టైల్ వేయిస్తే అదే గొప్ప. ఇప్పుడు షోరూములో అడుగు పెట్టగానే చూపించేది రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న విట్రిఫైడ్ టైల్. తొమ్మిది మిల్లీమీటర్ల మందం ఉంటే ఒక్కోటి పదిహేను కిలోల దాకా తూగుతుంది. దాన్ని నిలువు గోడకు, తల కంటే ఎత్తున ఎలా నిలబెట్టాలి? మేస్త్రి సిమెంటు చాలంటాడు. షాపువాడు గమ్ తీసుకోమంటాడు. చుట్టాల్లో ఎవరో ఒకరు స్క్రూలు కొట్టించకపోతే నెత్తిన పడుతుందని భయపెడతారు.

ముందు బరువు సంగతి తేల్చేద్దాం, టెన్షన్ అంతా దాని గురించే కాబట్టి. యూరప్ ప్రమాణాల్లో సీ2 తరగతి టైల్ గమ్ (అడెసివ్) చదరపు మిల్లీమీటరుకు కనీసం 1 న్యూటన్ లాగుడును తట్టుకోవాలి. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోలు. 60 బై 120 సెంటీమీటర్ల టైల్ వెనక 7,200 చదరపు సెంటీమీటర్ల జాగా ఉంటుంది. కాగితం మీద అది 72 టన్నుల పట్టు. అందులో వెయ్యో వంతు దక్కినా మన పదిహేను కిలోలకు ఎక్కువే. మరి ఊడి పడేవి ఎందుకు పడుతున్నాయి? టైల్ వీపుకూ గోడకూ మధ్య ఎక్కడో ఒక పొర దేన్నీ పట్టుకోకుండా ఉండిపోవడం వల్ల. ఏది మేలో తేల్చుకోవాలంటే ఆ పొర ఎక్కడ పుడుతుందో చూడాలి.

సిమెంటు మాలుతో వేసిన పెద్ద టైల్ ఊడితే దాన్ని తిప్పి చూడండి. చాలాసార్లు వీపు కడిగినంత శుభ్రంగా ఉంటుంది. గోడ మీద మిగిలిపోయిన మాలులో మాత్రం ఆ వీపు మీది గళ్లు, కంపెనీ పేరులోని అక్షరాలు తిరగబడి అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. మాలు గోడను బాగానే పట్టుకుంది, టైల్‌నే పట్టుకోలేదు. పాత సిరామిక్ గోడ టైల్ తన బరువులో పది శాతానికి పైగా నీళ్లు పీలుస్తుంది. అందుకే మేస్త్రులు దాన్ని నీళ్లలో నానబెట్టి వాడేవారు. సిమెంటు పాలు ఆ సన్న రంధ్రాల్లోకి దిగి గట్టిపడేవి, అదే దాని పట్టు. విట్రిఫైడ్ టైల్ పీల్చేది అర శాతం లోపే. దిగడానికి సిమెంటుకు దారే లేదు. దానికి తోడు, కొలిమిలో అంటుకోకుండా ఫ్యాక్టరీలో వీపుకు పూసిన తెల్ల పొడి. తడిగుడ్డతో తుడిస్తే పోయే పనే గానీ, ఎవరూ తుడవరు.

అలాగని మాలును తీసిపారేయలేం. దానికి ఒక నిజమైన గుణం ఉంది: గోడ వంకరను మింగేస్తుంది. నిలువు చూసే తూకం గుండు వేస్తే అంగుళం తేడా వచ్చిన గోడ మీద కూడా మంచి మేస్త్రి మాలు మందం ఒక చోట పెంచి, ఒక చోట తగ్గించి, రబ్బరు సుత్తితో తట్టుకుంటూ వరసంతా ఒకే మట్టానికి తెస్తాడు. చిన్న సిరామిక్ టైల్‌కి ఇప్పటికీ అది చక్కటి పద్ధతి. పెద్ద టైల్‌కి వచ్చేసరికి మాలు తడి బరువుతోనే జారుతుంది. రోజుకు రెండు మూడు వరసలకు మించి ఎత్తలేరు. ఎండిపోతూ మాలు కుంచించుకుంటుంది, టైల్ కుంచించుకోదు. ఆ లాగులాట నాలుగడుగుల పొడవునా పడుతుంది.

గమ్ అని మేస్త్రులు పిలిచే టైల్ అడెసివ్ కూడా అసలుకి సిమెంటే. సన్న ఇసుక, నీళ్లు త్వరగా ఆరిపోకుండా పట్టి ఉంచే సెల్యులోజ్ పొడి, పట్టునిచ్చే పాలిమర్ కలిపి సంచికెత్తుతారు. రంధ్రాల్లేని వీపును పట్టుకునేది ఆ పాలిమరే. మన ఐఎస్ 15477 ప్రమాణం ప్రకారం సంచి మీద టైప్ 1 నుంచి టైప్ 5 దాకా రాసి ఉంటుంది. టైప్ 1 ఇంటి లోపల నేల మీది చిన్న సిరామిక్‌కి సరిపోతుంది. షాపుల్లో "అడెసివ్ ఇవ్వండి" అంటే ముందు చేతికొచ్చేది అదే, చవక కాబట్టి. పెద్ద విట్రిఫైడ్‌కి, తడి గోడకి టైప్ 3 అడగండి. పక్కన టీ అక్షరం ఉందేమో చూడండి. తడిగా ఉండగా జారదని దానర్థం.

అయితే గమ్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇది: టైల్ వీపు మీద నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి గోడకు నొక్కేస్తారు. గోడ వంకరగా ఉంది కాబట్టి ముద్దలే సర్దుకుంటాయని మేస్త్రి లెక్క. వెనక సగానికి పైగా డొల్ల. నెల తర్వాత ప్లంబర్ టవల్ రాడ్‌కో గీజర్‌కో డ్రిల్లు పెడితే ఆ డొల్ల మీద టైల్ పటుక్కుమని పగులుతుంది. జాయింట్లలోంచి దిగిన నీళ్లు ఆ ఖాళీల్లో నిలబడి పక్కగది గోడకు చెమ్మ పట్టిస్తాయి. నా మటుకు నాకు ముద్దలుగా పెట్టిన ఖరీదైన గమ్ కంటే నిండుగా పెట్టిన మామూలు మాలే నయం.

నిండుగా అంటే ఎలా? పది లేదా పన్నెండు మిల్లీమీటర్ల పళ్లున్న తాపీతో గోడ మీద గమ్‌ని ఒకే దిక్కున చాళ్లుగా లాగాలి. గుండ్రంగా తిప్పితే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. టైల్ వీపుకు కూడా తాపీ చదును వైపుతో పల్చగా ఒక పొర రాయాలి. గోడకు ఆనించాక చాళ్లకు అడ్డంగా కొంచెం అటూ ఇటూ జరిపితే గట్లు కూలి పల్లాలు నిండుతాయి. అమెరికా ప్రమాణాల్లో తడి చోట్ల 95 శాతం జాగా నిండాలని ఉంది. నిండిందో లేదో తెలుసుకోవడానికి ఒకటే దారి: మొదటి వరసలో ఒక టైల్ పెట్టిన వెంటనే పీకి చూడడం. మేస్త్రి మొహం చిట్లిస్తాడు. అయినా పీకించండి. వీపు మీద చాళ్లు చాళ్లుగానే కనబడితే పళ్లు పెద్దవి కావాలి, లేదా గోడ మీద గమ్ అప్పటికే పైపొర కట్టేసిందన్నమాట. వేసవిలో మన వేడికి ఆ పొర చాలా త్వరగా కడుతుంది. వేలితో ముట్టుకుంటే గమ్ అంటకపోతే దాన్ని గీకి పారేయాలి, నీళ్లు చిలకరించి బతికించకూడదు. సగం గమ్, సగం సిమెంటు కలిపి సంచి మిగల్చడం కూడా కొన్నిచోట్ల చేస్తారు. పాలిమర్‌ని పల్చన చేయడానికి డబ్బులిచ్చినట్టు అది.

గమ్ మాలులా మందంగా వేసేది కాదు. కాబట్టి గోడను ముందే సరిచేసుకోవాలి. పెద్ద టైల్‌కి పది అడుగుల బద్ద ఆనిస్తే మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనబడకూడదు. ప్లాస్టరింగ్‌ను తూకంలో చేయించి, నునుపు చేయకుండా గరుకుగా వదిలేసి, వారం నీళ్లు కొట్టి, తర్వాత బాగా ఆరనివ్వాలి. పుట్టీ మీద, పెయింటు మీద ఏదీ నిలవదు. 72 టన్నుల పట్టు కాస్తా పుట్టీ గోడను వదలడంతోనే ముగుస్తుంది. హైదరాబాద్ పెద్ద అపార్టుమెంట్లలో మైవాన్ (అల్యూమినియం అచ్చుల) షట్టరింగ్‌తో పోసిన కాంక్రీటు గోడలుంటాయి. అవి నున్నగా ఉంటాయి, పైగా షట్టరింగ్ నూనె జిడ్డు. ఆ గోడలకు చిప్పింగ్ చేయించి, అంటే గాట్లు కొట్టించి, కడిగించాకే టైల్ మాట.

ఇక క్లాంపులు (పలక అంచు గాడిలో పట్టే లోహపు కొక్కేలు), స్క్రూలు. వీటికి చోటుంది, అది మన బాత్రూమ్ కాదు. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు 48 కిలోల చుట్టూ ఉంటుంది. అలాంటి రాతి పలకల్ని బయటి గోడకు ఎత్తుగా కట్టేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులు తప్పనిసరి. చదరపు మీటరుకు 21 కిలోలున్న టైల్‌కి అవసరం లేదు. తొమ్మిది మిల్లీమీటర్ల టైల్ అంచులో గాడి కోస్తే అది అక్కడే బలహీనపడుతుంది. గోడకు వాటర్‌ప్రూఫింగ్ కోటు వేయించి ఉంటే ప్రతి స్క్రూ దానికో చిల్లు. మామూలు జీఐ తీగ కట్టారంటే తడికి తుప్పు పట్టడమే.

ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే రెసిన్ గమ్) గురించి ఎక్కువ చెప్పను. వెనక ఫైబర్ మెష్ అంటించిన మార్బుల్‌కి, ప్లైవుడ్ మీదికి, ఇనుము మీదికి అది సరిపోతుంది. ధర బాగా ఎక్కువ, కలిపాక వేగంగా గట్టిపడుతుంది, టైల్ మీద ఒలికితే వదలదు. మామూలు ప్లాస్టరింగ్ గోడ మీద దాని బలమంతా వృథా.

ఖర్చు చూద్దాం. ఐదు బై ఎనిమిది బాత్రూమ్‌లో ఎనిమిది అడుగుల ఎత్తుకు తలుపూ వెంటిలేటరూ పోను సుమారు 190 చదరపు అడుగులు. పెద్ద పళ్ల తాపీతో, వీపు పూతతో కలిపి 20 కిలోల సంచి 25 నుంచి 30 చదరపు అడుగులకు వస్తుంది. ఏడెనిమిది సంచులన్నమాట. మాలు పద్ధతిలో మూడు నాలుగు సిమెంటు బస్తాలు, కాస్త ఇసుక. తేడా కొన్ని వేలు. గమ్‌కి గోడ తూకంలో ఉండాలి కాబట్టి ప్లాస్టరింగ్ ఖర్చు కూడా దాని ఖాతాలోనే పడుతుంది. పాత బాత్రూమ్‌లో గోడలు బాగా వంకరపోయి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయించే ఓపిక లేకపోతే, నా సలహా టైల్ సైజు తగ్గించుకోమనే. అడుగు బై రెండడుగులది వంకరను కొంత దాచుకుంటుంది, ఒక్క మనిషి పట్టుకోగలడు, కుళాయిల దగ్గర కోతలో పగిలినా నష్టం తక్కువ.

లండన్ వైపు ఇల్లు కొన్న మనవాళ్లకు మాత్రం బరువు లెక్క నిజంగానే ముఖ్యం. అక్కడి లోపలి గోడలు ఎక్కువగా జిప్సమ్. జిప్సమ్ ప్లాస్టర్ పూసిన గోడకు చదరపు మీటరుకు 20 కిలోలు, పూత లేని ప్లాస్టర్‌బోర్డుకు 32 కిలోలు పరిమితి అంటారు, గమ్, సందుల్లో నింపే గ్రౌట్ బరువు కలుపుకుని. చదరపు మీటరుకు 21 కిలోలున్న మన రెండు బై నాలుగు టైల్, గమ్ కలపకుండానే మొదటి గీత దాటేస్తుంది. అక్కడ షవర్ గోడకు ప్లాస్టర్‌బోర్డు తీసేసి సిమెంట్ బోర్డు బిగించుకోవడమే దారి.

మీ మేస్త్రి గమ్ పట్టనని, సిమెంటుతోనే వేస్తానని భీష్మించుకుంటే కనీసం ఈ పనులు చేయించండి. ప్రతి టైల్ వీపు తడిగుడ్డతో తుడిపించండి. ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే పాలలాంటి పాలిమర్ ద్రవం) కలిపిన సిమెంటు పాలు వీపుకు రుద్దించి, అది ఆరకముందే మాలుకు ఆనించమనండి. రోజుకు రెండు వరసలు దాటనివ్వకండి. టైల్‌కీ టైల్‌కీ మధ్య రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి. సందు కనబడకుండా ఆనించేస్తే అందంగానే ఉంటుంది, గోడ కాస్త కదిలితే మాత్రం అంచులు లేస్తాయి. గోడల మూలల్లో గ్రౌట్ బదులు సిలికాన్ పెట్టించండి. మర్నాడు వేలి కణుపుతో ఒక్కో టైల్‌నీ తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చినదాన్ని గ్రౌట్ నింపకముందే తీయించాలి, నింపాక తీయాలంటే పక్క టైల్స్ కూడా పోతాయి.